మూడో రోజు అందిన ఉత్తరాలు

ముందు గది, బొత్తాల బీరువా పక్కన
సోమవారం

గడుగ్గాయి మరదలికి,

వదిన రాసేది. ముందే చెప్తున్నా, ఇక్కడ అందరం బానే ఉన్నాం. కాగితం మీద ఉత్తరం వచ్చిందంటే ఎవరికో ఏదో అయిందని గుండెలు బాదుకునే రకం నువ్వు. ఊపిరి పీల్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చో.

ఫోనుండగా ఈ రాతలేంటంటావా? ఫోనెత్తితే మీ అన్నయ్య స్పీకరు పెట్టమంటారు. పెట్టాక ఇంక నా మాటెవరికి కావాలి, అన్నాచెల్లెళ్ళ కబుర్లతోనే ఆదివారం గడిచిపోతుంది. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు. పైగా నాకిప్పుడు నీ మాటల కంటే నీ అడ్రసుతో ఎక్కువ పని పడింది.

చెప్తా విను. మన కుట్టు దుకాణం మూసేశాక మామయ్యగారి కాలం నుంచీ పోగైన బొత్తాలన్నీ ఇంటికి మోసుకొచ్చాం కదా. ఆన్‌లైన్లో ఒంటి బొత్తాలు అమ్ముతానంటే "ఒక్క బొత్తాం కొనే మొహం ఎవరిది వదినా" అని పడీ పడీ నవ్వావు. ఇప్పుడు వారానికి ముప్ఫై మంది కొంటున్నారు తల్లీ. ఊడిపోయిన బొత్తాం తోటిది ఫొటో తీసి పంపుతారు. నేను ఫోన్లో చూసి "ముదురు గోధుమ రంగు, నాలుగు కన్నాలు, అంచు కొంచెం ఎత్తుగా ఉంది" అని చదువుతా. మీ అన్నయ్య లేచి, సొరుగు లాగి, వేళ్ళతో తడిమి తీసిస్తారు. అనుమానమొస్తే పంటి కింద పెట్టి కొమ్ముదో, చిప్పదో, ప్లాస్టిక్కో చెప్పేస్తారు. చూపు మందగించి కత్తెర పక్కన పెట్టాక మూడేళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే లేచి "ఇవాళ ఎన్నొచ్చాయి" అని అడుగుతున్నారు.

ఈ బొత్తాలన్నీ మామూలు కవర్లోనే వేస్తాం. కొరియర్లో పంపితే బొత్తాం కంటే దాని ప్రయాణానికే ఎక్కువవుతుంది. ఇన్నాళ్ళూ బానే జరిగింది. మా చిన్న పోస్టాఫీసు ఇప్పటికీ ఎప్పటిలాగే ఉంది, వేసిన రోజే డబ్బా తెరుస్తారు. మీ వైపు పెద్ద ఊళ్ళలోనే ఉత్తరాలు మెల్లగా నడుస్తున్నాయట. ఇద్దరు ముగ్గురు ఆలస్యమైందని మా కొట్టున్న సైటుకి ఫిర్యాదు చేశారు. ప్రతి సరుకు పక్కనా ఎన్ని రోజుల్లో అందుతుందో రాయాలి, ఆ మాట తప్పితే హెచ్చరిక పంపుతారు. మూడు హెచ్చరికలొస్తే కొట్టు మూసేస్తారు. మొదటిది వచ్చేసింది. మీ అన్నయ్యకి చెప్పలేదు. ఈ కొట్టు పోతే ఆయనకి మళ్ళీ ఆ గోడే గతి, అది చూడ్డం నా వల్ల కాదు.

అందుకే ఈ ఉత్తరం. కస్టమర్లకి వేసే కవరే, అదే డబ్బా, బరువు సరిపోవాలని లోపల పగిలిన బొత్తాం కూడా పెట్టా. మా కస్టమర్లలో సగం మంది మీ ఊరివాళ్ళే. ఎన్నో రోజున అందిందో ఉత్తరంలో రాయి. అప్పుడప్పుడూ ఇలా వేస్తుంటా, నువ్వు రాస్తుండు. నువ్వెన్ని రోజులంటే కొట్టులో అన్ని రోజులు పెడతా.

నీ
వదిన


సార్టింగ్ ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
గురువారం

బొత్తాల వదినకి,

అందింది! సోమవారం వేశావు, గురువారానికి నా చేతిలో ఉంది. మూడంటే మూడు రోజులు. పగిలిన బొత్తాం నా టీ గ్లాసు పక్కన కూర్చుని నన్నే చూస్తోంది.

నీ రాత చూసి ఎన్నాళ్ళయింది వదినా! ఆ "గ" ఇంకా తోక తిప్పుకుంటూనే ఉంది. ఈ ఊరికి బదిలీ అయ్యాక రెండేళ్ళలో నా పేరు మీద వచ్చిన కాగితాలు కరెంటు బిల్లూ, అద్దెకిచ్చిన ఇంటామె రాసే చీటీలూ మాత్రమే. రోజూ వేల ఉత్తరాలు ఈ చేతుల్లోంచి పోతాయి, అందులో నాది ఒక్కటీ ఉండదు. టీ చల్లారిపోయేదాకా రెండుసార్లు చదువుకున్నా. ఎదురుగా కూర్చున్న స్టాంపుల గుమాస్తా "ఏమిటమ్మా ఒక్కదానివే నవ్వుకుంటున్నావు" అని ఆరా తీశాడు.

ఇక్కడ మార్పులొచ్చిన మాట నిజమే. ఉత్తరాలు వేరు చేసే బల్లలు మూడుండేవి, ఒకటే మిగిల్చారు. దాని దగ్గర నేనే. పార్శిళ్ళు ముందు, ఉత్తరాలు తర్వాత అని మా ఆఫీసు పెద్దాయన రోజూ గుర్తు చేస్తుంటాడు. ఉత్తరాలు పంచడానికి ఒక్కో వీధికి వారానికి ఒక్క రోజే వెళ్తున్నారు. అయినా నీది వచ్చేసిందిగా. నీ కస్టమర్లకి ఓపిక తక్కువేమో.

అన్నట్టు, కొనేవాళ్ళకేనా మీ సేవలన్నీ? నాన్న కుట్టిచ్చిన నా చలికోటుకి పై నుంచి మూడో బొత్తాం ఊడి రెండేళ్ళయింది. పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నా. ఫొటో తీసి డబ్బు కడితేనే వెతుకుతారా, ఆడపడుచునని వెతుకుతారా?

అన్నయ్యకి మొదటి హెచ్చరిక సంగతి నేను చెప్పన్లే. కడుపులో దాచుకుంటా.

నీ
గడుగ్గాయి


వంటింటి గడప, పొయ్యి మీద పాలు
బుధవారం

గడుగ్గాయి మరదలికి,

బంగారు తల్లివే నువ్వు. నీ ఉత్తరం చదివి నెత్తి మీద బరువు దించుకున్నట్టు అనిపించింది. మూడు రోజులన్నావు కదా, ఒకరోజు అటూ ఇటూ అవుతుందని నాలుగు పెట్టేశా. అలా పెట్టానో లేదో కొట్టు పేరు పక్కన పచ్చ బాణం గుర్తొచ్చింది. తొందరగా అందించేవాళ్ళకే అది ఇస్తారట. అప్పట్నుంచి ఆర్డర్లు ఒకటే రావడం. నిన్న ఒక్కరోజే పద్నాలుగు! కవర్ల మీద అడ్రసులు రాసి రాసి వేలు వాచింది.

మొన్నొక హోటలు ద్వారపాలకుడు ఫొటో పంపాడు. ఇత్తడి బొత్తాం, మీద కొమ్మా ఆకూ చెక్కి ఉంది. అది లేకపోతే డ్యూటీలో నిలబడనివ్వట్లేదట, అప్పటిదాకా గిన్నెలు తోమిస్తున్నారట. మీ అన్నయ్య పదకొండో సొరుగు దగ్గరికెళ్ళి ఐదు నిమిషాలు తడిమారు. తర్వాత ఇరవై ఆరో సొరుగు. నేను "లేదని రాసేస్తానండీ" అంటే "నోర్మూసుకో, ఆకు తగిలింది" అన్నారు. తీశారు చూడు, అచ్చం అదే! మనిషి ఎంత గర్వపడ్డారంటే, సాయంత్రం వచ్చిన గ్యాసు కుర్రాడితో సహా అందరికీ ఆ కథ చెప్పారు.

నీ కోటు సంగతి అడిగా. "దానికి నాన్న సరిగ్గా ఏడు బొత్తాలే కొన్నాడు, స్పేరు లేదు. అది పోగొట్టినందుకు దాన్ని పిన్నీసుతోనే తిరగనీ" అన్నారు. పైకి అలా అంటారా, నిన్న మధ్యాహ్నం నిద్ర మానేసి నల్లబొత్తాల సొరుగులు ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నారు. అడిగితే దుమ్ము దులుపుతున్నా అన్నారు.

ఇదీ అదే డబ్బాలో వేస్తున్నా. ఎన్ని రోజులో రాయి.

పాలు పొంగాయి. ఉంటా.

వదిన


మేడ మీది నా గది, మంచం అంచు
శనివారం

వదినకి,

బుధవారం వేసింది ఇవాళ అందింది. మళ్ళీ మూడే.

ద్వారపాలకుడి కథ చదివి చాలా నవ్వుకున్నా. అన్నయ్యని ఆ ఇత్తడి బొత్తాం గురించి ఆదివారం నేనే అడుగుతా, ఇంకోసారి చెప్పుకోనీ పాపం.

వదినా, ఒక మాట. నాలుగు రోజులని మరీ బిగించి పెట్టావేమో. ఏడో ఎనిమిదో పెట్టుకోరాదూ? నీది తొందరగా వచ్చిందని అందరివీ అలాగే వస్తాయని లేదు కదా. వానలొస్తే లారీలు ఆగుతాయి, జనానికి జ్వరాలొస్తాయి. పచ్చ బాణం పోతే పోతుంది. ఊరికే అంటున్నా, నీ ఇష్టం.

ఇక్కడ చలి మొదలైంది. పిన్నీసు గుచ్చుకుంటోంది. ఇంటామె తన కూతురికి అల్లిన స్వెట్టరు పెద్దదైందని నాకిచ్చింది, మోకాళ్ళ దాకా ఉంది.

గడుగ్గాయి


ముందు గది
సోమవారం

మరదలికి,

నెలన్నరైంది రాసి. రాయడానికి తీరికా లేదు, ఇప్పుడు మనసూ బాలేదు.

రెండో హెచ్చరిక వచ్చింది. ఈ నెలలో పదిహేడు మంది ఆలస్యమని పెట్టారు. ఇంకొక్క హెచ్చరికొస్తే కొట్టుకి తాళమే. పచ్చ బాణం ఎప్పుడో పోయింది. మీ అన్నయ్య "ఇవాళ ఎన్ని" అంటే నిన్నటి కవర్లే తీసి ఇవాళ్టివని మళ్ళీ లెక్క చెప్తున్నా. ఆయన ముందు అబద్ధమాడే రోజొస్తుందని అనుకోలేదు.

దానికంటే పెద్ద తప్పొకటి చేశా. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

మీ ఊళ్ళోనే ఒక మాస్టారున్నారు, రిటైరయ్యారట. ఉద్యోగంలో చేరినప్పటి కోటుకి ఒక బొత్తాం కావాలన్నారు, పాత విద్యార్థులు ఏదో సభ పెట్టి పిలిచారట. పంపా. పది రోజులైనా రాలేదని, సభ అయిపోయిందని ఫిర్యాదు పెట్టారు. ఆ రోజు పొద్దున్నుంచి అప్పటికే నాలుగు ఫిర్యాదులొచ్చాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం రాశానో తెలుసా? "మా సొంత మరదలు మీ ఊరి సార్టింగ్ ఆఫీసులోనే పని చేస్తుంది. ఇక్కడ వేసిన ఉత్తరం మూడో రోజుకల్లా అక్కడ అందుతుంది. ఈ వయసులో అబద్ధాలాడటం మీకు తగదు" అని రాశా. అందరూ చదివే చోట రాశా.

 దానికి జవాబుగా ఆయన కవరు ఫొటో పెట్టారంతే. నా రాతే, మా ఊరి ముద్రే. ఒక మూల ఎర్ర సిరాతో "అందినది" అని రాసి తేదీ వేసి ఉంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల నోటుబుక్కులు దిద్దిన చెయ్యి కదా, ఇంటికొచ్చిన ప్రతి కాగితం మీదా అలా తేదీ వేస్తారేమో. లెక్కేశా. పదకొండు రోజులు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ ఊరే, నీ ఆఫీసే, ఇదే డబ్బా, ఇదే కవరు. నీకు మూడు రోజుల్లో వచ్చేది ఆయనకి పదకొండు రోజులెలా పట్టింది? రాత్రంతా ఆలోచించినా నా బుర్రకి తట్టట్లేదు. నీకు తెలిసే ఉంటుంది.

వదిన


మేడ మీది నా గది
శుక్రవారం

వదినా,

నిన్న ఫోన్ చేసి, అన్నయ్య స్పీకరు పెట్టేలోపల "కొట్టులో రోజులు పన్నెండు చేసెయ్, ఎందుకని ఇప్పుడడక్కు, ఉత్తరంలో రాస్తా" అని పెట్టేశా. ఆ ఉత్తరం ఇదే.

నీ ఉత్తరాలు నాకు మూడో రోజున అందలేదు. మూడో రోజున నా బల్ల మీదికొచ్చాయి. నేను తీసేసుకున్నా.

మొదటిసారి అనుకుని చేసింది కాదు, నమ్ము. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఈ వీధి ఈ గూట్లో, ఆ వీధి ఆ గూట్లో. ఇంతలో ఒక కవర్లో ఏదో గలగలమంది. చూస్తే నీ రాత. నా పేరు. మా వీధి గూట్లో వెయ్యాలి, అక్కడ నాలుగు రోజులో వారమో కూర్చోవాలి, తర్వాత పోస్ట్‌మ్యాన్ వంతు రోజున బయల్దేరాలి. అది రూలు. నేను కవరు జేబులో పెట్టుకుని క్యాంటీన్‌కి పరుగెత్తా. ఎంత సంబరపడ్డానంటే, అది నువ్వు పెట్టిన పరీక్ష అన్న సంగతే చదివేదాకా తెలీదు. చదివాకైనా చెప్పాలి కదా? నాలుక చివరిదాకా వచ్చింది. "నేను తీసుకున్నా" అంటే "ఇక మీదట తీసుకోకు" అంటావు. అంటే మళ్ళీ ఉత్తరం పది రోజులు నా కళ్ళ ముందే పడి ఉంటుంది. బుద్ధి గడ్డి తింది. మూడు రోజులని రాసేశా.

రెండోసారి తెలిసే తీశా. అందుకే ఏడో ఎనిమిదో పెట్టుకో అని నీళ్ళు నమిలా. నేను రాసినవి కూడా మీ ఊరి కట్టలో పైనే పెట్టి, చేత్తో కట్టి పంపా. నిన్నటిదీ తీసుకున్నా, అదే ఆఖరుది.

వదినా, ఆ మాస్టారి కవరు నాకు గుర్తుంది. అందులోనూ గలగలమంది. నీ రాత చూసి "మా వదిన బేరమే" అని మురిసిపోయి, ఆయన వీధి గూట్లో వేసేశా, నావైతే జేబులో వేసుకున్నదాన్ని. ఆయనది ఎనిమిది రోజులు నా వెనకాలే ఉంది. నా ఉత్తరం కోసం ఆగలేనిదాన్ని, ఆయన్ని ఆపా. ఆయన్ని అబద్ధాలకోరన్నది నువ్వు కాదు వదినా, నేను నీ చేత అనిపించా.

ఇవాళ పొద్దున పెద్దాయనకి అంతా చెప్పేశా. బల్ల మార్చేస్తాడనుకున్నా. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "మార్చను. అక్కడే కూర్చో. నీ పేరున్న ఉత్తరం వస్తే గూట్లో వెయ్యి, చూస్తూ ఊరుకో. అదే నీకు శిక్ష" అన్నాడు.

దీన్ని వీధి చివరి డబ్బాలో అందరిలాగే వేస్తున్నా. మా ఆఫీసులో ఎన్నాళ్ళు పడుంటుందో, నీకెప్పుడు చేరుతుందో నాకు తెలీదు. కొట్టు మూతపడితే అన్నయ్య మొహం ఎలా చూడాలో కూడా తెలీదు. నన్నెంత తిట్టాలనుంటే అంత తిట్టు. కానీ రాయి.

నీ మరదలు


ముందు గది, బొత్తాల బీరువా పక్కన
మంగళవారం

ఒసే గడుగ్గాయీ,

నీ ఉత్తరం ఎనిమిదో రోజుకి చేరింది. మొదటిసారి చదివినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే నీ జడ పట్టుకుని వంచి వీపు మీద రెండు వేసేదాన్ని. కొంప ముంచావు కదే! ఆ కోపంతో వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేశా. రెండోసారి చదివినప్పుడు "క్యాంటీన్‌కి పరుగెత్తా" అన్నచోట ఆగిపోయా. రెండేళ్ళుగా నీకొక్క ఉత్తరం రాయాలని నాకు తోచలేదు. తోచినప్పుడు కూడా నీ కోసం కాదు, నా కొట్టు కోసం రాశా. ఇంక ఎవర్ని తిట్టను?

ఆ కోపంలోనే మీ అన్నయ్య పట్టేసుకున్నారు. "గిన్నెలేం పాపం చేశాయి" అన్నారు. ఇంక దాచడం నా వల్ల కాలేదు. హెచ్చరికలు, మాస్టారు, నిన్నటి కవర్లు ఇవాళ చూపించడం, నీ సంగతి, అంతా కక్కేశా. ఆయన తొణకలేదు, బెణకలేదు. "చెల్లి తీసుకుంటోందని నాకెప్పుడో తెలుసు" అన్నారు!

ఎలాగండీ అంటే, ఫొటో సరిగ్గా రాని కస్టమర్లు నమూనాకని బొత్తామే వేసి పంపిన కవర్లూ నీ మొదటి రెండు కవర్లూ తెచ్చి బల్ల మీద పెట్టమన్నారు. "మూలలు తడుము" అన్నారు. కస్టమర్ల కవర్లకి మూలలు నలిగి మెత్తబడి ఉన్నాయి. నీవి కొత్త నోట్లలా వాడిగా ఉన్నాయి. "ఇవి డబ్బాలోంచి సంచిలోకి, సంచిలోంచి కుప్పలోకి పడి వచ్చినవి కావు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వచ్చినవి. ఇక్కడికొచ్చేవి ఇలా ఉంటే, అక్కడికెళ్ళేవి ఎలా వెళ్తున్నాయో వేరే చెప్పాలా" అన్నారు. మరి చెప్పి ఏడవచ్చు కదా అన్నా. "కొట్టులో నువ్వు నాలుగు రోజులు పెట్టావని నాకు తెలీదు, అది నువ్వు చెప్పి ఏడిస్తే నేనూ చెప్పేవాణ్ణి" అన్నారు. తర్వాత నీ కవరు మూలే తడుముతూ, "అది ఉత్తరాల కోసం ఎదురుచూస్తోంది కదా, చెడగొట్టబుద్ధి కాలేదు" అన్నారు. ముగ్గురం ముగ్గురమే. ఒకరి దగ్గర ఒకరం దాచుకుని కొట్టుని గంగలో కలపబోయాం.

ఇప్పుడు విను. నువ్వు ఫోన్ చేసిన రోజే పన్నెండు పెట్టేశా. దారిలో ఉన్న కవర్ల వాళ్ళందరికీ విడివిడిగా రాశా, "నేను తప్పు లెక్క చెప్పాను, పన్నెండు రోజులు పట్టొచ్చు, వద్దనుకుంటే డబ్బు వెనక్కిస్తా" అని. నలభై ఒక్కరికి రాస్తే ఇద్దరే వద్దన్నారు. ఆర్డర్లు సగానికి పడ్డాయి. పడనీ. ఆ సగం మంది తొందరపెట్టరు. నిన్నొకావిడ "పన్నెండన్నారు, పదికే వచ్చింది" అని తెగ పొగిడింది. అదే పది రోజులకి పోయిన నెల తిట్లు తిన్నా. మూడో హెచ్చరిక రాలేదు. నిన్నటితో ఈ నెల లెక్క ముగిసింది, గండం గడిచినట్టే.

మాస్టారికి అందరూ చదివే ఆ చోటే క్షమించమని రాశా. నా మరదలు తప్పని రాయలేదులే, నా తొందరపాటని రాశా. ఆయన ఫిర్యాదు తీసేసి, దాని బదులు రెండే మాటలు రాశారు. "ఆలస్యంగా వచ్చింది. కానీ అదే బొత్తాం." మీ అన్నయ్య దాన్ని నా చేత నాలుగుసార్లు చదివించుకున్నారు. కొట్టు పేరు కింద అదే పెట్టేశా.

ఇందులో పగిలిన బొత్తాం లేదు. ఏముందో మీ అన్నయ్యే ఒక ముక్క రాస్తానని పట్టుబట్టారు, కళ్ళు సరిగా కనపడకపోయినా. కింద రాశారు, గీతలు ఒకదాని మీద ఒకటెక్కాయి, కూడబలుక్కుని చదువుకో.

ఈ ఆదివారం ఫోన్లో దీని గురించి ఒక్క మాట చెప్పను. "పోస్టులో ఉంది" అంటానంతే. నీకు అందినప్పుడే అందుతుంది.

నీ
వదిన

గడుగ్గాయ్, ముప్ఫై మూడో సొరుగులో దొరికింది. ఇది నువ్వు పోగొట్టినది కాదు, దాని అన్న. ఈసారి గట్టిగా కుట్టుకో, దారం నాలుగు పేటలు వెయ్యి.


మేడ మీది నా గది, కిటికీ దగ్గర
శనివారం

వదినా,

పోయిన వారం మంగళవారం వేశావు. శుక్రవారం పదకొండు గంటలకి నా బల్ల మీదికొచ్చింది. గలగలమంది.

చేతిలోకి తీసుకున్నా. నీ రాతే. అందులో నన్ను క్షమించావో, ఇంక నా మొహం చూడనన్నావో ఉంది. పెద్దాయన అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. మా వీధి గూట్లో వేశా. వేసి, తర్వాతి ఉత్తరం తీసుకున్నా.

తర్వాత ఎనిమిది రోజులు వదినా! పొద్దున బల్ల దగ్గరికొచ్చేటప్పుడు ఆ గూటి పక్క నుంచే రావాలి, టీకి వెళ్ళేటప్పుడూ దాని పక్క నుంచే. తెల్ల కవరు అంచు కనిపిస్తూ ఉండేది, రోజూ దాని మీద ఇంకో రెండు పడేవి. అప్పుడు మిగతా గూళ్ళు చూశా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. ఒక్కో దాంట్లో ఎవరెవరిది ఏముందో, ఎవరు ఎవరి మాట కోసం గుమ్మం వైపు చూస్తున్నారో. నాకు నా ఒక్క కవరుతోనే ప్రాణం పోతోంది.

ఆదివారం నువ్వు ఫోన్లో "పోస్టులో ఉంది" అని గంభీరంగా అన్నావు చూడు, ఆ గొంతు విని తిట్లే అనుకున్నా. అన్నయ్య వెనక నుంచి ఏదో దగ్గాడు. అప్పుడు ఇంకా ఖాయం చేసుకున్నా. ఆ రోజు అన్నం సరిగా తినలేదు, తెలుసా? రాక్షసులు మీ ఇద్దరూ.

ఇవాళ నాకు సెలవు. తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే మా వీధి పోస్ట్‌మ్యాన్. ఆఫీసులో రోజూ కలిసి టీ తాగే మనిషే, కానీ మా గుమ్మానికి రావడం ఇదే మొదటిసారి. "ఇదేంటమ్మా, నీ ఉత్తరం నీ గదిలోకి మోసుకు రావాలా నేను, అక్కడే తీసుకోవచ్చుగా" అని మెట్లెక్కి ఆయాసపడుతూ విసుక్కున్నాడు. "ఇలాగే తీసుకురా బాబాయ్, ఎప్పుడూ ఇలాగే" అన్నా. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టా. ఆయన భయపడి, కవరు ఇచ్చేసి, రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయాడు.

మూలలు తడిమా. నలిగి మెత్తబడి ఉన్నాయి.

నీ ఉత్తరం మొదటి పేరాకే నవ్వొచ్చింది, అన్నయ్య గీతల దగ్గర ఏడుపొచ్చింది. తర్వాత దారం నాలుగు పేటలు వేసి కుట్టా. మిగిలిన ఆరింటి కంటే ఒక్క పిసరు నలుపెక్కువ, ఎండ తగల్లేదు కదా ఇన్నాళ్ళూ సొరుగులో. వేసుకుని వీధి చివరి డబ్బా దాకా నడిచి చూశా. మెడ దాకా బొత్తాలన్నీ పట్టాయి, చలే తెలీలేదు.

నీ కొట్టు లెక్కకి రాసుకో. పదకొండు రోజులు. పన్నెండే ఉంచు.

అన్నయ్యకి చెప్పు: ఆలస్యంగా వచ్చింది. కానీ అదే బొత్తాం.

నీ
గడుగ్గాయి